అదను చూసి కొనుక్కో, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పంపిన ఖర్చుల పట్టిక రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని మొత్తం చదివాను. అద్దె, స్కూలు ఫీజులు, బండి వాయిదా పక్కన పెట్టేద్దాం, వాటిని మనం తగ్గించలేం. మిగతాదంతా చూస్తే మీ ఇంట్లో దుబారా ఏమీ లేదే. ఏ వస్తువైనా అయిపోయిన రోజునే, ఆ రోజు ధర ఎంతుంటే అంతకి కొంటున్నారు, అంతే. ఇద్దరూ ఉద్యోగాలకి పరుగెత్తే ఇంట్లో అలాగే అవుతుంది. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నీకు వేరే దారి కూడా లేదు. ఇప్పుడు అమలాపురం వచ్చావు కదా, ఇక్కడ ప్రతి సరుకుకీ ఒక అదనుంటుంది. ఆ అదనులో ఒక్క పూట కష్టపడితే ఏడాది పొడుగునా డబ్బూ కలిసొస్తుంది, పొద్దున్నపూట టెన్షనూ తగ్గుతుంది. అందుకే నీకు వివరంగా రాద్దామని కూర్చున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు మినుములు. ఇడ్లీ, దోసెలకి నెలనెలా పప్పు ప్యాకెట్లు కొంటున్నావు. మన దగ్గర దాళ్వా (రెండో పంట వరి) వెయ్యని చేలల్లో సార్వా (తొలి పంట) కోతకి ముందే వరి దుబ్బుల మధ్య మినుములు చల్లేస్తారు, గుర్తుందా? ఆ తేమతోనే పెరిగి ఫిబ్రవరి, మార్చి నాటికి చేతికొస్తాయి. అప్పుడు తెలిసిన రైతు దగ్గర ఏడాదికి సరిపడా కొనేసి, బాగా ఎండబెట్టి డబ్బాల్లో పోసుకో. పొట్టుతోనే నానబెట్టి రుబ్బుకుంటే ఇడ్లీ రుచే వేరు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కొత్త చింతపండు, ఎండుమిర్చి కూడా వస్తాయి. చింతపండు పిక్కలు, ఈనెలు తీసి, ఎండలో పెట్టి, ఉప్పు కలిపి జాడీకెత్తితే మళ్ళీ ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు. బియ్యం కూడా కోతలయ్యాక కొనుక్కో. కొత్తల్లో అన్నం ముద్దవుతుంది కాబట్టి పాతవి అయ్యేదాకా ఆ బస్తాలు కదపకు. పురుగు పట్టకుండా చేతులకి ఆముదం రాసుకుని బియ్యం కలిపి పెట్టు, వండేముందు రెండుసార్లు కడిగితే పోతుంది. పప్పులకీ అంతే. కొందరు బోరిక్ పౌడర్ కలుపుతారు, పిల్లలున్న ఇంట్లో అది అస్సలు వద్దు.

ఇక కొబ్బరి. దీని గురించి మాత్రం ఎంత రాసినా నాకు తనివి తీరదు. మీ ఓనరు గారి పెరట్లో చెట్లున్నాయని నువ్వే చెప్పి, కొబ్బరికాయ, చీపురు, అంట్లు తోమే పీచు, మొక్కలకి కోకోపీట్ అన్నీ బజార్లో కొంటున్నావా! ఆ పట్టికలో ఇవి నాలుగూ నాలుగు చోట్ల కనిపించేసరికి ప్రాణం ఉసూరుమంది. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు, అంటే చెట్ల మీంచి కాయలు దించడం, ఉంటుంది. కాయల లెక్క ఓనరు గారిదీ, అంబాజీపేట కొబ్బరి వ్యాపారిదీ. మట్టలు, డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) మాత్రం చాలా ఇళ్ళల్లో పెరట్లోనే పడి ఉంటాయి. ఓనరు గారిని ఒక మాట అడుగు, "ఆయ్, తీస్కెళ్ళండమ్మా, పెరడు శుభ్రమవుద్ది" అంటారు చూడు.

మట్ట ఇంకా పచ్చిగా ఉండగానే ఆకు చీల్చి ఈనెలు తియ్యాలి, చాకుతో ఒక్క గీత గీస్తే వచ్చేస్తాయి. ఎండాక గుప్పెడు గుప్పెడుగా కట్టుకుంటే వాకిలికి, బాత్రూముకి చీపుళ్ళు తయారు. మీ పెద్దవాడు చేసేయగలడు, మా పిల్లలు పోటీలు పడి చేస్తారు. మిగిలిన మట్ట మొదళ్ళు, డొక్కలు నీళ్ళ పొయ్యిలోకి. వీలుంటే మేడ మెట్ల కింద ఒక పొయ్యి, ఒక కాగు పెట్టించుకో. పొద్దున్న డొక్కలు అంటించి కాగు పెడితే నలుగురి స్నానాలకి నీళ్ళు కాగుతాయి. గీజరు వేసే పనే ఉండదు. వానాకాలానికని ఎండు డొక్కలు గోనె సంచుల్లో కట్టి మెట్ల కిందే దాచుకోవాలి, తడిస్తే పొగ తప్ప మంట రాదు.

డొక్క పీచు లాగేటప్పుడు రాలే పొట్టే నువ్వు డబ్బులు పెట్టి కొంటున్న కోకోపీట్. అయితే దాన్ని నేరుగా కుండీలో వెయ్యకు, అందులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి పిండి, నీళ్ళు పారబోసి మళ్ళీ నానబెట్టు. నీళ్ళలో ఎర్రరంగు బాగా తగ్గేదాకా అలా చేసి, అప్పుడు మట్టి, పశువుల ఎరువు కలుపు. వేసవిలో రెండు రోజులు నీళ్ళు పొయ్యకపోయినా కుండీ తడిగానే ఉంటుంది. కడియం వైపు వెళ్ళినప్పుడు ఏదైనా నర్సరీలో ఒక కరివేపాకు మొక్క, ఒక నిమ్మ మొక్క తెచ్చుకో. తోటకూర, గోంగూర, పచ్చిమిర్చికి విత్తనాలు మా దగ్గరే ఉన్నాయి, ఇస్తాను.

కొబ్బరి చవగ్గా ఉన్నప్పుడు ఎక్కువ కొని, వేసవిలో చిప్పలు ఎండబెట్టి గానుగకి ఇస్తే కేజీకి అరకేజీ పైనే నూనె వస్తుంది. బూజు పట్టిన ముక్క కనిపిస్తే మాత్రం గీకి వాడకు, పారేయ్. వానల్లో ఈ పని పెట్టుకోకు.

వంటింట్లో ఖర్చు నాకు ఎక్కువ కనిపించింది గ్యాసు దగ్గర. కందిపప్పు అరగంట ముందు నానబెడితే సగం పని అయిపోయినట్టే. కుక్కరు మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించెయ్. ఆవిరి నిండాక లోపలి వేడి ఇంచుమించు 120 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది, తర్వాత ఎంత మంట పెట్టినా విజిళ్ళే ఎక్కువ వస్తాయి గానీ పప్పు త్వరగా ఉడకదు. మంట పసుప్పచ్చగా వస్తూ గిన్నెలు మసి పడుతుంటే బర్నరు చిల్లులు పూడుకున్నాయన్నమాట, తీసి పిన్నుతో శుభ్రం చేసుకో.

అన్నట్టు, పప్పు సరిగ్గా ఉడకట్లేదన్నావు కదా, దానికి బోరు నీళ్ళూ ఒక కారణమే. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ మన నీళ్ళు ఉప్పెక్కుతాయి, వాటితో పప్పు బిరుసుగా ఉండిపోతుంది, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. వానాకాలంలో మొదటి వాన వెళ్ళాక తర్వాతి వాననీళ్ళు, మేడ మీంచి కారేవి కాకుండా నేరుగా పడేవి, గుడ్డ కట్టి డ్రమ్ములో పట్టుకో. మరగబెట్టి పప్పుకి, చారుకి వాడితే తేడా నీకే తెలుస్తుంది. కుళాయిల మీద మరకలకి పిండేసిన నిమ్మచెక్క రుద్దితే చాలు. ఫిల్టరు నుంచి వృథాగా బయటికొచ్చే నీళ్ళు ఇల్లు తుడవడానికీ బాత్రూముకీ వాడు, కుండీలకి మాత్రం పొయ్యకు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

పొద్దున్న హడావిడికి మా ఇంట్లో విరుగుడు పొడులే. కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి ఆదివారం చేసుకుంటాం. చింతపండు గుజ్జు పోపుతో ఉడికించి సీసాలో పెడితే పులిహోర పది నిమిషాల పని. బీరపొట్టు, ఆనపకాయ తొక్కు పచ్చళ్ళు నీకు చెప్పక్కర్లేదు. కానీ అరటిగెల కొట్టిన ఇంటికి వెళ్ళి దవ్వ (కాండం లోపలి మెత్తని భాగం), పువ్వు అడగడానికి మొహమాటపడకు. రావులపాలెం చుట్టుపక్కల అరటితోటల్లో చూడు, గెల పోయాక చెట్టు నరికి పడేస్తారు. దవ్వ చక్రాలుగా తరిగి మజ్జిగలో వేసుకుని, ఆవ పెట్టి కూర చేసి చూడు, అన్నయ్యగారు రెండోసారి అడిగి వడ్డించుకుంటారు.

మేడ మీద వాటా కాబట్టి వేసవిలో మీకు ఉడుకు తప్పదు. ఏసీ కొందామని అన్నయ్యగారు అన్నారటగా, ముందు సున్నం సంగతి చూడండి. ఫిబ్రవరి ఆఖరుకి ఓనరు గారిని అడిగి పైకప్పుకి రెండు పూతలు తెల్లసున్నం వేసుకోండి. తెలుపు ఎండని వెనక్కి కొట్టేస్తుంది. రాతిసున్నం నీళ్ళలో పడగానే కుతకుతా ఉడుకుతుంది, కాబట్టి ఇనప డ్రమ్ములోనే వెయ్యండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. మర్నాడు వడకట్టి కొంచెం ఫెవికాల్ కలిపి, వెడల్పు బ్రష్షుతో సాయంత్రం పూట పూసుకోవచ్చు. వానలకి కొట్టుకుపోతుంది, మళ్ళీ ఏడాది వెయ్యాల్సిందే.

కరెంటు సంగతి చెప్పాలంటే, 60 వాట్ల పాత బల్బు 17 గంటల్లోపే ఒక యూనిట్ తినేస్తుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ అదే యూనిట్‌కి 110 గంటలు వెలుగుతుంది. మామూలు ఫ్యాను 75 వాట్లు అయితే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను అందులో సగం కూడా తీసుకోదు. ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చే పని లేదు, రాత్రంతా తిరిగే పడగ్గది ఫ్యాను ముందు మార్చుకోండి. మనకి యూనిట్లు పెరిగే కొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కదా, అందుకే తగ్గించిన ఆ కాసిని యూనిట్లే బిల్లులో గట్టిగా కలిసొస్తాయి.

కారే కుళాయికి ప్లంబర్ని పిలవకు. మేడ మీద వాల్వు కట్టేసి, కుళాయి విప్పి, వాషరు మార్చి, మరకి టెఫ్లాన్ టేపు చుట్టడం అంతే, అన్నయ్యగారు ఒక్కసారి చేస్తే వచ్చేస్తుంది. పాత చీరలు పారేయకు, మా అత్తయ్యకి ఇవ్వు, బొంతలు కుట్టిపెడతారు. ఆవిడకీ అది ఇష్టమైన పని.

పొదుపు కూడని చోట్లు కూడా చెప్తాను, కోప్పడుతున్నాననుకోకు. గ్యాస్ ట్యూబు, కుక్కరు సేఫ్టీ వాల్వు, ఇంటి వైరింగు. వీటికి చవక సరుకు వద్దు, సొంత రిపేరు వద్దు. సురక్ష ట్యూబు 5 ఏళ్ళకోసారి మార్చాలి, తేదీ దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. నువ్వు సామాను సర్దినప్పుడు పాతదే తెచ్చుకున్నానన్నావు, ఉత్తరం చదవగానే లేచి చూడు.

వచ్చే ఆదివారం మా పెరట్లో దింపు ఉంది. పిల్లల్ని తీసుకుని పొద్దున్నే వచ్చెయ్యండి, డొక్కలకి నాలుగు గోనె సంచులు పట్టుకురా. పనస ఒకటి పొట్టుకి సిద్ధంగా ఉంది, కూర మా అత్తయ్య చేస్తారు, పొట్టు మనిద్దరం కొడదాం.

నీ
అమ్మడు