కాలువకు నీళ్లు వదిలేలోపు

ప్రియమైన బావా,

మిల్లు కాలినప్పుడు మీ ఇంటి మీద పడిన రేకు ముక్కలు, దుమ్ము ఊడ్పించమని నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి "వద్దు" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నాను. నొచ్చుకున్నావని నీ గొంతులోనే తెలిసింది. నీ ఇల్లు నువ్వు ఊడ్పించుకోవడానికి నా అడ్డు ఏమిటని అనిపించి ఉంటుంది. అందుకే రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపికగా చదువు.

మిల్లు కాలిన రాత్రి నేను కాలువ గట్టు మీదే ఉన్నాను. ధాన్యం ఆడించడం ఎప్పుడో మానేశారు కదా, ఆ గోదాముల నిండా కొబ్బరి పీచు కట్టలే. ఎండాకాలం ఎండిన పీచు ఎలా అంటుకుంటుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా కాలువలు కట్టేసిన రోజులు. ఎదురుగా కాలువ ఉండి కూడా అందులో మోకాలి లోతు మడుగులు తప్ప నీళ్లు లేవు. ఫైరింజన్లు తెచ్చిన నీళ్లు అయిపోతే చేపల చెరువుకు ఇంజన్లు పెట్టి తోడారు. తెల్లవారేదాకా మండింది. మనుషులకు ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం.

ఆ రాత్రి మంట కంటే చప్పుడే నాకు ఎక్కువ గుర్తుంది. పైకప్పు రేకులు పేలుతున్నాయి. సిమెంటు రేకులో ఎప్పుడూ కొంత చెమ్మ ఉంటుంది. ఒక్కసారిగా వేడి తగిలితే అది ఆవిరై, బయటికి దారి లేక రేకును పగలగొట్టుకుని వస్తుంది. మంగలంలో పేలాలు వేగినట్టు గంటసేపు ఆగకుండా ఆ చప్పుడే. ముక్కలు గాలిలోకి లేచి, సముద్రం మీది గాలికి ఊరివైపు వచ్చి పడ్డాయి. మీ పెంకుల మీద, అరుగు మీద, పెరట్లో బావి చుట్టూ పడినవి అవే.

మర్నాడు సాయంత్రం రామాలయం వీధిలో ఆడపిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుతున్నారు. బిళ్ల ఏమిటా అని చూస్తే రేకు ముక్క. నా దగ్గర ఏడో తరగతి చదివే పిల్ల చేతిలోంచి అడిగి తీసుకున్నాను. అరచేయంత ఉంది, ఒకవైపు మసి. విరిగిన అంచును వెలుతురుకు పెట్టి చూస్తే తెల్లటి నూగు కనిపించింది, పట్టుపురుగు గూడు చీల్చినప్పుడు కనిపించే పోగుల్లాగా. బావా, నాకు కాళ్లలో సత్తువ పోయింది. పదిహేనేళ్లుగా బడిలో పాఠం చెబుతున్నాను, దాన్ని చేత్తో పట్టుకుని చూడడం అదే మొదటిసారి.

అది రాతినార, ఆస్బెస్టాస్. మన రాష్ట్రంలోనే పులివెందుల వైపు గనుల్లో తవ్వేవాళ్లు. పాత సిమెంటు రేకులో సుమారు పదో వంతు అదే ఉంటుంది. రేకు బాగున్నంతకాలం సిమెంటు దాన్ని పట్టి ఉంచుతుంది. విరిగినా, కోసినా, కాలినా పోగులు బయటపడతాయి. మనం కొబ్బరి పీచులో పుట్టి పెరిగినవాళ్లం. ఆ పీచు కంటికి కనిపిస్తుంది, ముక్కులోకి పోతే తుమ్మితే వచ్చేస్తుంది, పెంటకుప్పలో వేస్తే కుళ్లి మట్టయిపోతుంది. ఈ రాతి పీచు అలా కాదు. నిలువునా చీలుతూ కంటికి కనిపించనంత సన్నబడుతుంది, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడ కుళ్లదు, కరగదు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, ఊపిరితిత్తుల కేన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్ దీనివల్ల రావచ్చు. అదీ ఇప్పుడు కాదు, 20 నుంచి 40 ఏళ్ల తర్వాత. అందుకే ఊళ్లో కొందరు ఎక్స్‌రేలు తీయించుకుంటామంటే, ఇప్పుడు తీస్తే ఏమీ కనిపించదని నచ్చజెప్పాల్సి వచ్చింది.

నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఒక రాత్రి పీల్చినంత మాత్రాన అందరికీ జబ్బు వస్తుందని కాదు. ఎంత ఎక్కువ పీలిస్తే, ఎన్నాళ్లు పీలిస్తే అంత ప్రమాదం. ఇంతవరకు పీల్చితే ఫరవాలేదు అనే గీత మాత్రం ఎవరూ గీయలేదు. కాబట్టి ఆ రాత్రి సంగతి వదిలెయ్యి. ఇక ముందు ఎన్ని రోజులు ఆ దుమ్ము లేవనిస్తాం అన్నదే మన చేతిలో ఉన్నది.

పంచాయతీ ఆఫీసులో కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన, "కాలిపోయింది కదయ్యా, నిప్పులో పడ్డాక ఇంకా విషం ఏమిటి?" అన్నారు. మంచి ప్రశ్నే. బాగా వేడెక్కితే, అంటే ఆరేడు వందల డిగ్రీలు దాటితే, రాతినార నిజంగానే తన గుణం పోగొట్టుకుంటుంది. కానీ రేకు అంత వేడెక్కకముందే పేలిపోతుంది. ఎగిరి వచ్చిన ముక్క చల్లగాలిలో పడింది, దాని నార దానిలోనే ఉంది. ఆయన అర్థం చేసుకున్నారు. అర్థం చేసుకోనివాళ్లతోనే పేచీ. ముక్కలు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి శ్మశానానికి వెళ్లే పుంత దారిని మెరక చేద్దామని కొందరు, పగలని రేకులు పశువుల పాకకు పనికొస్తాయని కొందరు. పుంతలో పోస్తే ప్రతి ట్రాక్టరూ దాన్ని నూరుతూ పోతుంది. రెండు రోజులు అదే వాదన, నా గొంతు పోయింది.

అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. మొదటిరోజు ఊడవడానికి పారిశుద్ధ్య కార్మికులను పంపారు, చేతికి తొడుగు లేదు, ముక్కుకు కొంగు. అందరికంటే ఎక్కువ దుమ్ము పీల్చేది వాళ్లు, అందరికంటే తక్కువ తెలిసిందీ వాళ్లకే. నేను వెళ్లి ఆపించాను. కొంగు, గుడ్డ, ఆస్పత్రి మాస్కు ఈ పోగును ఆపలేవు. రెండు వైపులా గుండ్రటి ఫిల్టర్లు ఉండే మాస్కులు కాకినాడ నుంచి వచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు. రాతినారతో పనిచేసేవాళ్ల ఆరోగ్య వివరాలు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఫ్యాక్టరీల సంగతే అయినా, మన దగ్గర ఎవరు ఏ రోజు ఎంతసేపు పనిచేశారో నేను ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాను. రేపు వాళ్లలో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే డాక్టరుకు చూపించడానికి ఆ కాగితమైనా ఉండాలి.

పని చూడడానికి చిన్నదే. పురుగుమందు కొట్టే స్ప్రేయరును కడిగి, నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, ముక్కల మీద సన్నటి తుంపర పట్టిస్తారు. తడిశాక విరగకుండా చేత్తో ఏరి దళసరి ప్లాస్టిక్ సంచిలో వేసి, దాన్ని మరో సంచిలో పెట్టి మూతి బిగిస్తారు. చేపల మేత సంచులు ఇస్తామన్నారు, వద్దన్నాం, ఆ నేతలోంచి దుమ్ము కారుతుంది. వేసుకున్న బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు. ఫ్యాక్టరీల్లో పనిచేసిన మగవాళ్ల బట్టలు ఉతికి, ఇల్లు కదలని ఆడవాళ్లు ఇదే జబ్బుతో పోయారు.

2023 నవంబరు 7న అమెరికాలో, కాలిఫోర్నియాలోని టస్టిన్ అనే ఊళ్లో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పెద్ద చెక్క హ్యాంగరు, అంటే గాలి ఓడలు నిలిపే షెడ్డు, కాలిపోయింది. శిథిలాల్లో రాతినార ఉందని తేలగానే బడులు మూసేశారు, తలుపులు వేసుకోమన్నారు, ముక్కలు ముట్టుకోవద్దన్నారు, శిక్షణ ఉన్నవాళ్లే వచ్చి ఏరారు. 2001లో న్యూయార్కులో మాత్రం జంట భవనాలు కూలిన వారానికే గాలి పీల్చుకోవచ్చని అక్కడి పర్యావరణ శాఖ ప్రకటించింది. అంత మాట చెప్పడానికి తగిన ఆధారాలు అప్పటికి లేవని రెండేళ్లకు అదే శాఖ తనిఖీ అధికారి తేల్చారు. మన ఊళ్లో ఎవరైనా "ఏమీ లేదు, ఊడ్చేయండి" అన్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇక నీ ఇల్లు. అత్తయ్య ఇప్పటికే చీపురు పట్టుకుని బయల్దేరితే బతిమాలి వెనక్కి పంపాను. "నా మేనల్లుడి ఇల్లు పాడుబడినట్టు ఉంటే నాకు నిద్ర పట్టదు" అంటుంది పాపం. నువ్వే ఒకసారి ఫోను చేసి చెప్పు. పొడి చీపురు పెడితే పడి ఉన్నది మళ్లీ గాలిలోకి లేస్తుంది. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టినా అంతే, చెదిరి వీధిలోకి పోతుంది. పెంకులు నేయించే పని వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యి. అరుగు, కిటికీలు తడిగుడ్డతో తుడిపిస్తాను, ఆ గుడ్డలూ సంచుల్లోకే పోతాయి. మీ వీధి వంతు బుధవారం.

నా ఆత్రమంతా కాలువ గురించి. మిల్లు వెనక గోడ కాలువలోకే కూలింది. లాకుల దగ్గర కాలువ నీళ్లు చూసే లస్కరును అడిగితే జూన్‌లో ఏ రోజైనా నీళ్లు వదలవచ్చన్నాడు. ఆ నీళ్లు తాగితే ఏమవుతుందోనన్నది అంత పెద్ద భయం కాదు. ముక్కలు ఒండ్రులో కలిసి పొలాల్లోకి పోతాయి, పూడిక తీసినప్పుడు గట్టు మీదికి వస్తాయి, ఎండి మళ్లీ దుమ్మవుతాయి. అప్పుడు ఎవరు ఏరతారు? ఇప్పటికి సగం తీశాం. మూటలు టార్పాలిన్ కింద ఉన్నాయి, విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాలు పాతే చోటికి పంపాలని కాగితాలు పెట్టాం. లారీకి చందాలు పోగుచేస్తున్నాం, నీ పేరు రాసేశాను, ఎంతన్నది నువ్వు చెప్పు.

నీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది. బుధవారం అయ్యాక ఫోను చేస్తాను.

నీ
బావ