గురువారం ఫోన్ ఎందుకు ఎత్తనంటే

అమ్మా,

శుక్రవారం పొద్దున్నే నువ్వు ఫోన్ చేస్తే ఎత్తనని నీకు కోపం. నీ శుక్రవారం పొద్దున అంటే నాకు గురువారం సాయంత్రం. ఆ టైంలో నా రెండు చేతుల్లోనూ అట్టపెట్టెలుంటాయి. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే రాయడం నయమనిపించింది.

పాప చదివే స్కూల్లో ఒక చిన్న గది ఇచ్చారు. వారం వారం పదిమందిమి అక్కడ చేరి తిండి సంచులు కడతాం. "అమెరికాలో కూడా తిండికి ఇబ్బందిపడే పిల్లలుంటారా?" అన్నావు పోయినసారి. ఉంటారమ్మా. నేనూ వచ్చిన కొత్తలో నీలాగే అనుకున్నాను.

ఇక్కడ స్కూళ్లలో మధ్యాహ్న భోజనానికి 1946లోనే చట్టం వచ్చింది. పొద్దున టిఫిన్ ఆ తర్వాత చేర్చారు. ఆదాయం బాగా తక్కువున్న ఇళ్ల పిల్లలకు ఉచితం, కాస్త పైన ఉన్నవాళ్ల దగ్గర భోజనానికి 40 సెంట్లకు మించి తీసుకోకూడదు. కాలిఫోర్నియా, మెయిన్ అనే రెండు రాష్ట్రాలైతే 2022 నుంచి అడిగిన పిల్లలందరికీ ఉచితంగానే పెడుతున్నాయి. అంతా బాగానే ఉంది. కానీ శుక్రవారం మధ్యాహ్నం తిన్న పిల్లాడికి మళ్లీ స్కూల్లో ప్లేటు దొరికేది సోమవారమే కదా! మా సంచులు ఆ రెండు రోజుల కోసం. 1990లలో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో ఒక స్కూల్ నర్సు, కడుపునొప్పి అని, కళ్లు తిరుగుతున్నాయని తన దగ్గరికి వచ్చే పిల్లల జబ్బు అసలు ఆకలేనని గమనించి సాయం అడిగిందట. ఈ సంచుల పద్ధతి అక్కడ మొదలైంది.

మొదటి నెలలో నేను చేసిన నిర్వాకం చెబితే తిడతావు. సొంత డబ్బుతో మంచి బీన్స్ డబ్బాలు కొని, గొప్పగా ప్రతి సంచిలో రెండేసి పెట్టాను. తర్వాతి వారం స్కూల్ కౌన్సెలర్ ఆ సంగతి మెల్లగా ఎత్తింది. అవి ఓపెనర్ ఉంటేగాని తెరుచుకోవు. కొందరు పిల్లలు మోటెల్ గదిలో, అంటే రోడ్డు పక్క లాడ్జిలో, ఉంటున్నారు, అక్కడ ఓపెనర్ కాదు కదా, స్టవ్ కూడా లేదు. శనివారమంతా ఆ డబ్బాలు అలాగే ఎదురుగా ఉండి ఉంటాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇప్పుడు రింగు పట్టి లాగితే వచ్చే మూతవే తెస్తాను, అదీ చిన్నవి. ఒకటో తరగతి పిల్ల భుజాన మోసుకుపోవాలి కదా.

ఇల్లు లేని పిల్లలంటే రోడ్డు మీద ఉండేవాళ్లే అనుకునేవాణ్ణి. ఇల్లు పోయి మోటెల్లోనో, కార్లోనో, చుట్టాలింట్లో ఒక మూలనో తలదాచుకుంటున్నవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారని ఇక్కడ 1987 నుంచి ఉన్న ఒక చట్టం చెబుతుంది. కాగితాలు లేకపోయినా అలాంటి పిల్లల్ని వెంటనే బడిలో చేర్చుకోవాలి. ఊళ్లో ఇంకో మూలకు మారినా పాత బడి వదలక్కర్లేదు, బస్సు ఏర్పాటు స్కూలువాళ్లే చూడాలి. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన ముక్క అదే. ఉండే చోటు మారుతున్నా పిల్లాడికి టీచరు మారదు.

ఇంతకీ, ఆ పిల్లలెవరో నాకు తెలియదు. కౌన్సెలర్ మాకు అంకె ఒక్కటే చెబుతుంది, "ఈ వారం 22" అని. పేర్లు ఉండవు. శుక్రవారం క్లాసంతా ఆటలకు వెళ్లినప్పుడు ఆమే వెళ్లి వాళ్ల బ్యాగుల్లో సంచులు పెట్టి వస్తుంది. మొదట్లో నాకిది వెలితిగా ఉండేది, దాచడమెందుకు? ఒక పిల్ల మొహమైనా చూస్తే బాగుండుననిపించేది. మాతో వచ్చే ఒక పెద్దావిడ, ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపిందట, నోరు కాస్త దురుసు, "నీ సంతోషం కోసం వాళ్లు తలదించుకోవాలా?" అని మొహం మీదే అడిగింది. ఫోటో తీస్తానన్న ఇంకొకాయన్నైతే ఆ రోజు ఆమె పనే చేయనివ్వలేదు. ఆమె మాట కరకుగానే ఉన్నా నాకు న్యాయమనిపించింది.

అయినా పిల్లల దగ్గర ఏం దాగుతుందమ్మా? మొన్న కార్లో పాప, "నాన్నా, మా క్లాసులో ఒకబ్బాయి బ్యాగులో ప్రతి శుక్రవారం ఏదో కొత్త సంచి ఉంటుంది, నాకెందుకు పెట్టరు?" అంది. ఆ సంచికి ముడివేసింది నేనేనని చెప్పలేను. "నీకు నేను కట్టిస్తాలే" అని మాట మార్చాను. మర్నాడు కౌన్సెలర్‌కు చెబితే, ఇకనుంచి రంగు సంచులు వద్దు, బ్యాగులో కలిసిపోయే నల్లవి వాడదామంది.

వచ్చే వారం స్కూలుకు సెలవులు. బడి లేని రోజులు ఎక్కువ కాబట్టి ఈ గురువారం ఒక్కొక్కరికి రెండేసి సంచులు కట్టాలి. ఫోన్ ఎత్తకపోతే కంగారుపడకు, ఆలస్యమైనా నేనే చేస్తాను.

నీ
చిన్నోడు