కంచె ఎత్తు పెంచే ముందు: మా దగ్గర కోళ్లు, జాలీ తీసుకున్నవారికి

వానలు మొదలయ్యాయంటే దుకాణంలో రోజూ వినబడే మాట ఒకటుంది: "కోళ్లు కంచె దాటిపోతున్నాయండీ, ఇంకా ఎత్తు జాలీ ఉందా?" ఉంది. అయితే అడిగిన వాళ్లలో చాలామందికి దాని అవసరం లేదు. కోడి ఎందుకు పోతోందో, ఎటునుంచి పోతోందో తెలియకుండా ఎత్తు పెంచితే మీ డబ్బు మాకు చేరుతుందే గానీ కోడి ఆగదు. అందుకే ఈసారి జాలీ అడిగిన ప్రతి ఒక్కరికీ కౌంటర్ దగ్గర చెబుతున్నదంతా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా చూడాల్సింది వేళ. కోడి ఏ పూట పోతోందన్నదే సగం జవాబు.

పొద్దున, పదకొండు లోపు పెట్ట మాయమవుతోందంటే అది గుడ్డు పెట్టే చోటు వెతుక్కుంటోంది. గూట్లో చీకటిగా, మూలగా, మెత్తగా ఉన్న జాగా దానికి దొరకలేదన్నమాట. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న పెట్టె ఒకటి నాలుగైదు పెట్టలకు సరిపోతుంది. ముందువైపు నాలుగంగుళాల అడ్డుపలక కొట్టి, లోపల మూడంగుళాల మందాన వరిగడ్డి పరవండి. అందులో సుద్దతో చేసిన గుడ్డో, తెల్ల ప్లాస్టిక్ బంతో ఒకటి ఉంచితే పెట్టకు ఆ చోటు నమ్మకం కుదురుతుంది. పొదల్లో దాచిన గుడ్లు దొరికితే అన్నీ తీసేసి, ఆ చోటిని రాళ్లతోనో ముళ్లకంపతోనో మూసేయండి. ఒక్క గుడ్డు వదిలినా మర్నాడు అక్కడికే పోతుంది. ఓ వారం పాటు పదకొండు దాటేదాకా పెట్టల్ని బయటికి వదలకండి. చాలావాటికి అలవాటు మారడానికి ఆ వారం చాలు.

మధ్యాహ్నం పోతున్నాయంటే నీడ కోసమో, పొడిమట్టి కోసమో. కోడికి మట్టిలో పొర్లడం సరదా కాదు, ఒంటిమీది పేలను వదిలించుకునే దారి అదే. వానకు దొడ్డంతా బురదైతే పొడినేల మిగిలేది పక్కింటి సజ్జా కిందే, అక్కడికే పోతాయి. రెండడుగుల చదరం, ఎనిమిది అంగుళాల లోతున్న తొట్టి ఒకటి రేకు కింద పెట్టండి. ఎండుమట్టి రెండు పాళ్లు, ఇసుక రెండు పాళ్లు, కట్టెల బూడిద ఒక పాలు కలిపి నింపండి. బూడిద పూర్తిగా చల్లారినదై ఉండాలి. వారానికోసారి తడి తగిలిందేమో చూసి మార్చండి. ఎండాకాలమైతే పడమటి వైపు జాలీకి షేడ్‌నెట్ కట్టడం ఒక్కటే చాలా ఇళ్లలో సరిపోతుంది.

సాయంత్రం చీకటి పడబోయే ముందు ఎగిరే కోళ్లు పడుకునే చోటు కోసం ఎగురుతున్నాయి. నాటుకోళ్లకూ కడక్‌నాథ్‌కూ ఎత్తున పడుకోవాలన్న కోరిక మరీ గట్టిది. వేపచెట్టో మునగచెట్టో కనిపిస్తే గూట్లోకి రావు. గూట్లో నేలకు మూడడుగుల ఎత్తున రెండంగుళాల లావున్న సరుగుడు కర్ర కట్టండి, ఒక్కో కోడికి తొమ్మిది అంగుళాల చోటు వచ్చేలా. ప్లాస్టిక్ పైపులు, నున్నని వెదుళ్లు వద్దు, కాళ్లు జారతాయి. గుడ్ల పెట్టె ఈ కర్ర కన్నా కిందుండాలి, లేకపోతే పెట్టెలోనే పడుకుని రెట్టలతో పాడుచేస్తాయి. చీకటి పడడానికి అరగంట ముందు గింజలు గూట్లోనే చల్లండి. దొడ్లో చల్లిన రోజు అవి దొడ్లోనే ఉండిపోతాయి.

ఏ వేళా లేకుండా రోజంతా పోతున్నాయంటే చోటు చాలడం లేదు, లేదా ఒకటి రెండు కోళ్లు మిగతావాటి దెబ్బలు తింటున్నాయి. పగలు తిరిగే జాగా కోడికి పది చదరపు అడుగులు, రాత్రి గూట్లో రెండు చదరపు అడుగులు చూసుకోండి. ఎప్పుడూ ఒకే కోడి పారిపోతుంటే దాని నెత్తిన, తోక మొదట్లో ఈకలు ఊడాయేమో చూడండి. ఊడి ఉంటే అది కంచె దాటడం లేదు, పొడుపుల నుంచి తప్పించుకుంటోంది. మేత తొట్టి, నీళ్ల గిన్నె ఇంకో జత తెచ్చి, మొదటి జత కనబడని మూలలో పెట్టండి. తోటకూర కట్టనో మునగ రెమ్మనో కోడి తల ఎత్తులో వేలాడదీస్తే పొడుచుకునే అలవాటు కూడా కొంత తగ్గుతుంది.

ఇక రెక్క ఈకలు కత్తిరించడం. పైసా ఖర్చు లేని పని ఇది, కానీ తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ. ఒక్క రెక్కకే కత్తిరించాలి. రెండింటికీ కత్తిరిస్తే తూకం సమానంగా ఉంటుంది కాబట్టి గట్టిగా కొట్టుకుంటూ ఎంతో కొంత పైకి లేస్తుంది. ఒకవైపే ఉంటే గాల్లో ఒరిగి కిందపడుతుంది, రెండు మూడు సార్లకే ప్రయత్నం మానుకుంటుంది. చీకటి పడ్డాక పట్టుకోండి, పరుగులు ఉండవు. రెక్క విప్పితే చివరన పొడవాటి ఈకలు పది కనిపిస్తాయి. వాటి మొదళ్లను కప్పే పొట్టి ఈకలు ఎక్కడ ఆగాయో, దానికి అంగుళం అవతల పదునైన కత్తెరతో కత్తిరించాలి. ఒంటికి దగ్గరగా ఉండే లోపలి వరస జోలికి పోవద్దు.

ఒక్క జాగ్రత్త: కాడ ముదురు రంగులో, నీలంగా కనిపిస్తే అది కొత్తగా పెరుగుతున్న పచ్చి ఈక, లోపల నెత్తురుంటుంది. దాన్ని వదిలేయండి, కాడ తెల్లబడ్డాక కత్తిరించుకోవచ్చు. పొరపాటున తెగితే పసుపు అద్ది, దూదితో ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. నెత్తురు పూర్తిగా ఆగేదాకా మిగతా కోళ్లలో కలపొద్దు, ఎరుపు కనిపిస్తే పొడుస్తాయి. రెక్క చివరి ఎముకను కోయడం, రెక్కల్ని దారంతో కట్టడం, కాళ్లకు తాడు వేసి వదలడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

కత్తిరించింది శాశ్వతం కాదు. పెద్ద కోళ్లు ఏడాదికోసారి ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి, అప్పుడు మళ్లీ చేయాలి. ఎదిగే పిల్లలు ఐదారు నెలలు వచ్చేదాకా ఒకటికి రెండు సార్లు ఈకలు మారుస్తాయి కాబట్టి నెలకోసారి రెక్క విప్పి చూడండి. రోజంతా పొలం గట్ల మీద తిరిగే కోళ్లకు మాత్రం కత్తిరించవద్దనే చెబుతాం. కుక్క తరిమినప్పుడు దానికి మిగిలిన దారి ఆ ఎగురుడొక్కటే.

జాతిని బట్టి ఎత్తు: రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా బరువైనది, పూర్తిగా ఎదిగాక నాలుగడుగుల కంచె దాటడం అరుదు. అదే సంస్థ నుంచి వచ్చిన గ్రామప్రియ తేలిక, దానికి ఐదడుగులు పెట్టుకోండి. నాటుకోళ్లకు, కడక్‌నాథ్‌కు ఆరడుగులు, రెక్క కత్తిరించకపోతే పైన వల కూడా. ఏ జాతి అయినా రెండు మూడు నెలల వయసులో ఒళ్లు తేలిక, రెక్కలు పెద్దవి. వనరాజా ఎగరదని విని పిల్లల్ని కొని, నాలుగడుగుల కంచెలో వదిలిన వాళ్లు మోసపోయేది ఈ వయసులోనే.

చాలా కోళ్లు కంచెను ఒక్క ఎగురులో దాటవు. ముందు పైన వాలి, చుట్టూ చూసి, అప్పుడు అటు దూకుతాయి. కాబట్టి వాలడానికి చోటివ్వకూడదు. జాలీ పైన కర్ర, పైపు, బద్ద ఏదీ పెట్టకండి. పై అడుగు బిగించకుండా వదులుగా వదిలేస్తే కోడి బరువుకు అది వంగుతుంది, నిలవలేక వెనక్కి దిగుతుంది. పిట్టగోడలు, కాంపౌండ్ గోడలు కోడికి కట్టించి ఇచ్చిన అరుగుల్లాంటివి. గోడ లోపలివైపు ఆరడుగులకొకటి చొప్పున ఎల్ ఆకారపు యాంగిల్ బిగించి, రెండడుగుల వలను దొడ్డి లోపలికి వాలుగా తాడుతో కట్టండి. గాజుపెంకులు గుచ్చవద్దు, కోడి కాళ్లు కోసుకుంటాయి గానీ ఆగదు. గోడ పక్కన నీళ్ల డ్రమ్ము, కట్టెల మోపు, స్కూటరు, ఏసీ పెట్టె ఏదున్నా ఐదడుగులు దూరం జరపండి. ఈ ఒక్క పనితో ఆగిపోయిన ఫిర్యాదులు మా దగ్గర ఎన్నో ఉన్నాయి.

మిద్దె మీద పెంచేవాళ్లకు వేరే మాట. అక్కడ రెక్క కత్తిరించి సరిపెట్టుకోవద్దు. పిట్టగోడ ఎక్కిన కోడి కత్తిరించిన రెక్కతో కిందికి దూకితే ఒరిగి పడి చస్తుంది. మిద్దె మీద నాలుగు వైపులా, పైనా పూర్తిగా మూసిన గూడే కట్టాలి. అంత స్థోమత ఇప్పుడు లేకపోతే కోళ్లు తర్వాత తీసుకోండి, మేం వేచి ఉంటాం.

కింది నుంచి పోయే కోళ్ల సంగతి వానాకాలంలోనే బయటపడుతుంది. కంచె మొదట్లో కోళ్లు గుంటలు చేస్తాయి, వాన ఆ మట్టిని కొట్టుకుపోతుంది, పందికొక్కు మిగతాది తవ్వుతుంది. నాలుగంగుళాల సందు ఎదిగిన పెట్టకు చాలు. పిల్లకు రెండంగుళాలు ఎక్కువే. గేటు కింద సందు ఉంటే ఇటుకలతో ఆరంగుళాల గడప కట్టండి, తలుపు అంచు గడప లోపలి ముఖానికి ఆనుకునేలా. తలుపు లోపలికి తెరుచుకునేలా ఉండాలి, అప్పుడు మీరు తోస్తే ఎదురుగా ఉన్న కోడి వెనక్కి తగ్గుతుంది. బయటికి తెరుచుకునేది మీ కాళ్ల పక్కనుంచే దారి ఇస్తుంది. గొళ్లెం ఒకటే కాకుండా కింద ఇంకో బోల్టు వేస్తే కుక్క తోసినా మూల తెరుచుకోదు.

పది కోళ్లకు, పదడుగుల చదరానికి సామాను లెక్క ఇది. ఎనిమిదడుగుల గుంజలు మూలలకు నాలుగు, మధ్యలో నాలుగు, గేటుకు ఇంకొకటి, మొత్తం తొమ్మిది. రెండడుగులు భూమిలోకి పోవాలి. కింద అరంగుళం కన్ను వెల్డ్‌మెష్ (తీగలు కలిసే చోట్ల వెల్డింగ్ చేసిన జాలీ), మూడడుగుల వెడల్పుది. దాన్ని మడిచి రెండడుగులు నిలువుగా, అడుగు బయటివైపు నేలమీద పరిచి, రెండడుగులకొక ఇనుప మేకు దిగగొట్టి మట్టి కప్పండి. ముంగిస, పందికొక్కు తవ్వడం కంచె మొదట్లోనే మొదలుపెడతాయి, అక్కడ జాలీ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని వాటికి తోచదు. మూలల్లో పరిచిన జాలీ విడిపోయి చదరపు ఖాళీ మిగులుతుంది. అడుగు ముక్క ఒకటి కోసి అక్కడ తప్పక కట్టండి, మరిచిపోయేది ఇదే. పైన నాలుగడుగుల వెడల్పున్న ఆరు మూలల కోడి జాలీ చాలు. రెండు జాలీలు మూడంగుళాలు ఒకదానిమీద ఒకటి రావాలి, నాలుగంగుళాలకొక కట్టుతీగ ముడి. కట్టుతీగ బదులు ప్లాస్టిక్ కేబుల్ టైలు వాడొద్దు, ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. పైన వల కడితే మధ్యలో తాడు బిగించి దానిమీద పరవండి, లేకపోతే ఆకులు, వాననీళ్లు చేరి కిందికి వేలాడుతుంది.

జాలీ తీగ మందాన్ని గేజ్‌లో చెబుతారు, ఆ సంఖ్య పెరిగితే తీగ సన్నబడుతుంది. ఇరవై రెండు గేజ్ కోడిని ఆపుతుంది గానీ వీధికుక్క పళ్లతో చింపేస్తుంది. కుక్కలు తిరిగే చోట కింది రెండడుగులకు పంతొమ్మిది గేజ్ కన్నా సన్నది తీసుకోవద్దు.

దుకాణంలో మార్పులు. కోళ్ల కంచె కోసమని సన్న నైలాన్ చేపల వల ఇకమీద అమ్మం. అందులో కోడి కాళ్లు, పాములు చిక్కుకుంటాయి, విడిపించడం మీకూ, చిక్కిన ప్రాణికీ ప్రమాదమే. కోడిపిల్లల్ని పెంచేవాళ్లకు రెండంగుళాల చైన్‌లింక్ ఒక్కటే ఇచ్చి పంపం, కింద అరంగుళం జాలీ ఉండాల్సిందే. కోళ్లు తీసుకునే రోజు అడిగితే మూడు నెలలు దాటిన వాటికి ఒక రెక్క మేమే ఉచితంగా కత్తిరించి ఇస్తాం, ఎలాగో చూసి నేర్చుకోవచ్చు.

కొత్త కోళ్లను ఇంటికి తీసుకెళ్లాక పది రోజులు గూట్లోనే ఉంచండి, నీళ్లూ మేతా అక్కడే. పదకొండో రోజు చీకటికి గంట ముందు, మేత పెట్టకుండా వదలండి. ఆకలికి గూటికే తిరిగివస్తాయి. ఒకటి రాకపోతే వెంటపడి తరమకండి, పూర్తిగా చీకటి పడ్డాక ఎక్కడ పడుకుందో చూసి నెమ్మదిగా రెండు చేతులతో ఎత్తుకు రండి.

జాలీ కొనడానికి వచ్చేటప్పుడు కంచె చుట్టుకొలత, గేటు వెడల్పు, గోడ ఎత్తు రాసుకుని, కోడి పోతున్న చోటు ఫోటో, పోతున్న వేళ తెలుసుకుని రండి. జాలీ అక్కర్లేదనిపిస్తే అదే చెప్పి పంపుతాం.