మా తమ్ముడి వైద్యంలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

బైపోలార్ డిజార్డర్‌కు చికిత్స పొందుతున్న మా తమ్ముడికి గుంటూరులో తోడు నిలిచిన కొందరికి, అతని అనుమతితోనే, ఇలా అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. అతను వాడేది లిథియం. ఈ జబ్బులో వచ్చే మానియా (మనసు అతిగా ఉరకలెత్తే స్థితి), డిప్రెషన్ తిరగబెట్టకుండా కాయడంలో అది ఎంత నమ్మకమైన మందో, మోతాదు దగ్గర అంత పేచీ పెడుతుంది. రక్తంలో దాని స్థాయి హద్దు దాటితే వణుకు, వాంతులు, తూలడం మొదలై, మరీ పెరిగితే ప్రాణం మీదకు వస్తుంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు లిథియాన్ని బయటకు పంపకుండా పట్టి ఉంచుతాయి కనుక, రోహిణీ కార్తె ఎండలు మాకు వడదెబ్బ భయంతో పాటు ఈ భయాన్నీ తెస్తాయి.

మొదటి నమస్కారం కొత్తపేటలోని మందుల షాపాయనకు. మోకాలి నొప్పికి వేరొక డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ చీటీ చూడగానే, మాత్రలు కత్తిరించబోతున్నవారల్లా ఆగి, “అమ్మా, బాబు లిథియం వాడుతున్నాడు కదా, ఇది వేస్తే దాని స్థాయి పెరుగుతుంది, ముందు మీ సైకియాట్రిస్టు గారికి ఫోన్ చేయండి” అన్నారు. చీటీ రాసినవారు ఇంకేం మందులు వాడుతున్నారని అడగనైనా లేదు.

సైకియాట్రిస్టు గారి దగ్గర పనిచేసే నర్సమ్మ గారికి ఎన్ని చెప్పినా తక్కువే. లిథియం స్థాయి చూసే పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలని, పొద్దుటి మాత్ర ఆ తరువాతే వేసుకోవాలని ఆమె పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది. థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షల గడువు దాటితే తానే ఫోన్ చేస్తారు. చేసినప్పుడల్లా రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడని అడుగుతారు. దసరా రోజుల్లో అతనికి నిద్ర తగ్గి, మాట జోరు పెరిగిన సంగతి ఆ ప్రశ్నతోనే బయటపడింది కాబట్టి, ఆసుపత్రిలో చేర్చకుండానే డాక్టరు గారు మందులు సర్దగలిగారు.

అంతకుముందు చూపించిన చోట, రోగి రావడం మానేస్తే ఎందుకు రాలేదని అడిగే నాథుడే లేడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల్లో వైద్యం పొందడాన్ని ప్రతి ఒక్కరికీ హక్కుగా ఇచ్చింది. లిథియం వాడేవారికి ఒక రిజిస్టరు, గడువు దాటితే ఒక ఫోను కూడా ఆ హక్కులో చేరాలని, అది ఒక నర్సమ్మ మంచితనం మీద ఆధారపడకూడదని జిల్లా వైద్యాధికారులకు నా మనవి.

ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసినప్పుడు అమ్మతో తెలుగులో ఓపికగా మాట్లాడినవారి పేరు మేము అడగలేదు. వారికీ మా నమస్కారాలు.