ల్యూసిన్ వేరు, ఐసోల్యూసిన్ వేరు

సంపాదకులకు నమస్కారం.

ప్రోటీన్ పొడులపై మీరు ప్రచురించిన వ్యాసంలో, ప్రోటీన్లను నిర్మించే అమైనో ఆమ్లాలైన ల్యూసిన్‌ను, ఐసోల్యూసిన్‌ను ఒకే పదార్థానికి రెండు పేర్లుగా పేర్కొనడం సరికాదు. రెండింటిలోనూ 6 కార్బన్, 13 హైడ్రోజన్, 1 నైట్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులే ఉన్నప్పటికీ, పక్క గొలుసులో కొమ్మ చీలే చోటు వేరు. 1903లో ఫెలిక్స్ ఎర్లిక్ బీట్ చక్కెర మడ్డిలో కనుగొన్న ఐసోల్యూసిన్‌కు రెండు కైరల్ కార్బన్లు (నాలుగు వేర్వేరు సమూహాలు అతికిన కార్బన్లు) ఉన్నందున అది పరమాణువుల త్రిమితీయ అమరికలో తేడా ఉన్న నాలుగు రూపాల్లో ఉండగలదు. మన ప్రోటీన్ల నిర్మాణంలో చేరేది మాత్రం ఎల్-ఐసోల్యూసిన్ ఒక్కటే.

ఇది పాఠ్యపుస్తకాల పట్టింపు కాదు. మేపుల్ సిరప్ మూత్రవ్యాధితో (ఈ అమైనో ఆమ్లాలను శరీరం సరిగా విచ్ఛిన్నం చేయలేని వంశపారంపర్య జబ్బుతో) పుట్టిన శిశువుల రక్తంలో ఆ నాలుగు రూపాల్లో మరొకటైన ఎల్-అల్లోఐసోల్యూసిన్ పేరుకుపోతుంది, వ్యాధి నిర్ధారణకు అదే కీలకం. అయితే నవజాత శిశువులకు చేసే తొలి మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే) పరీక్ష, ద్రవ్యరాశి ఒకటే అయిన ల్యూసిన్, ఐసోల్యూసిన్, అల్లోఐసోల్యూసిన్ మూడింటినీ విడదీసి చూపలేదు కనుక, తర్వాత మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే క్రొమటోగ్రఫీ తప్పనిసరి అవుతుంది. దయచేసి సవరణ ప్రచురించగలరు.

— ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు