కౌన్సెలర్ బోర్డు పెట్టేముందు

సంపాదకులకు,

సాఫ్ట్‌వేర్, బ్యాంకు కొలువులు వదిలి మానసిక ఆరోగ్య రంగంలోకి రావాలనుకునేవాళ్లు విజయవాడ, గుంటూరుల్లో కనిపిస్తున్నారు. రావాలి, ఈ పనికి మనుషులు చాలడం లేదు. కానీ కొందరు మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేతికి రాగానే గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టేస్తున్నారు. మా బాధ అదే.

'క్లినికల్ సైకాలజిస్ట్' ఎవరికి వారు తగిలించుకునే పేరు కాదు. దాని అర్హతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పింది. సైకాలజీ పీజీ రెండేళ్లు, ఆపైన సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. రెండేళ్లు, తర్వాత భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్. ఇన్నాళ్లూ ఉన్న దారి ఇది. ఆ ఎం.ఫిల్. ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది. కాబట్టి చేరబోయే కోర్సు, సంస్థ రెండూ మీరు చేరే ఏడాది ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదువుదామంటే, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని ఆ పద్ధతిలో నడపకూడదని యూజీసీ ఆపేసింది.

నర్సులకు ఈ రంగంలోకి దారి దగ్గర: సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. మిగతా డిగ్రీల వాళ్లు ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) గురించి కూడా ఆలోచించాలి. రోగి మందులు ఎందుకు మానేశాడో ఇంటికెళ్లి కనుక్కునే మనిషి ఈ రంగానికి డాక్టరంత అవసరం.

శిక్షణ లేకపోతే ఏమవుతుంది? నిద్ర లేదు, నీరసం, దేనిమీదా మనసు పోవడం లేదంటూ వచ్చిన మనిషికి వారాల తరబడి ధైర్యం చెబుతారు. థైరాయిడ్ పరీక్ష చేయించాలని తట్టదు. ఆందోళన తగ్గడానికి ఇచ్చే అల్ప్రజోలం లాంటి మాత్ర చాలాకాలంగా వాడుతున్నవాళ్లను 'ఇక మందులెందుకు' అని ఒక్కసారిగా మాన్పిస్తారు. ఫిట్స్ రావచ్చు. ఆ మాత్రను డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని అడగడానికి జంకడం. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకుంటారు. పుట్టదు. నేరుగా అడగాలి. ఆలోచన ఎంత దూరం వెళ్లిందో అడగాలి. మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బా చేతికందే చోటే ఉంటుంది. దాన్ని ఆ రోజే ఇంట్లోంచి తీయించమని కుటుంబానికి చెప్పాలి, రోగిని ఒంటరిగా వదలొద్దనాలి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. ఇది వీడియో పాఠాలతో వచ్చే పని కాదు. పక్కన సీనియర్ కూర్చుని తప్పు దిద్దితేనే వస్తుంది.

రాజీనామా ఇచ్చేముందు కొన్ని నెలలు సెలవు రోజుల్లో ఒక పునరావాస కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేసి చూడండి. అరుపులు, మౌనం, ఒకే మాట ఇరవైసార్లు వినడం, వీటిని తట్టుకోగలరో లేదో అక్కడే తేలుతుంది. నాలుగేళ్లు జీతం లేకుండా ఇల్లు ఎలా గడుస్తుందో ముందే లెక్క వేసుకోండి.

పత్రికలకూ ఒక విన్నపం. ఎవరి పేరు పక్కనైనా 'క్లినికల్ సైకాలజిస్ట్' అని అచ్చువేసేముందు ఆర్‌సీఐ నంబరు అడగండి. ఆత్మహత్య వార్త వేసిన ప్రతిసారీ కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉచిత నంబరు 14416 వేయండి.

— మానసిక ఆరోగ్య రంగ సిబ్బంది కొందరు, గుంటూరు