ఈసారికి సాల్‌బాక్, మోర్జిన్ కాదు

చిరంజీవి మైథిలికి,

అమ్మ ఆశీస్సులు. ఈ వేసవి సెలవుల్లో నువ్వూ సాహితీ వికాసూ ముగ్గురూ కలిసి ఆల్ప్స్‌లో వారం రోజులు మౌంటెన్ సైక్లింగ్ చేద్దామనుకుంటున్నామని, ఫ్రాన్స్‌లో మోర్జిన్‌కి వెళ్లాలో, స్విట్జర్లాండ్‌లో దావోస్‌కి వెళ్లాలో, ఇటలీలో లివిన్యోకి వెళ్లాలో తేలడం లేదని రాశావు. నన్నడిగితే ఆ మూడూ వద్దు. ఆస్ట్రియాలో సాల్‌బాక్‌కి వెళ్లండి, అదీ సెప్టెంబరు రెండో వారంలో.

ఊరిని మీ ముగ్గురిలో అందరికంటే కొత్తవాళ్లని బట్టి ఎంచుకోవాలి. సాహితి మ్యూనిక్‌లో ఈసార్ నది ఒడ్డు దారులు తప్ప పెద్ద కొండ దిగి ఎరగదు. ఆల్ప్స్‌లో సైకిల్ దారులకి రంగులుంటాయి: నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఫ్రాన్స్‌లో వీటికి కింద ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఈ రంగుల్ని ఏ ఊరికా ఊరే వేసుకుంటుంది కాబట్టి ఒక ఊళ్లో నీలం ఇంకో ఊళ్లో ఎరుపంత కష్టంగా ఉండొచ్చు. ఎన్ని కిలోమీటర్ల దారులున్నాయన్నది కాదు, నీలం దారీ ఎరుపు దారీ ఒకే లిఫ్టు (సైకిల్‌తో సహా కొండపైకి చేర్చే రోప్‌వే) నుంచి మొదలవుతాయా అన్నది చూడు. అలా లేకపోతే పొద్దున విడిపోయిన మీరు మళ్లీ రాత్రి భోజనానికే కలుస్తారు.

సాల్‌బాక్ పక్కనే హింటర్‌గ్లెమ్‌లో రైటర్‌కోగెల్ లిఫ్టు అచ్చం మీకోసమే అన్నట్టుంటుంది. పైకి చేరాక సాహితి నీలం రంగు బ్లూ లైన్ పట్టుకుంటుంది, మీరిద్దరూ ఇంకాస్త కష్టమైన ప్రో లైన్ పట్టుకుంటారు, కింద మళ్లీ కలుస్తారు. మూడో రోజుకి చేతులు అలవాటుపడ్డాక హాకల్‌బర్గ్ ట్రెయిల్ తొక్కండి. కొండ అంచు వెంబడి పొడుగ్గా సాగి అడవిలోకి దిగే దారి అది. ఎండగా ఉన్న రోజే వెళ్లండి, తడిసిన చెట్ల వేళ్ల మీద టైరు నిలవదు. సాల్‌బాక్ ఊరి మధ్య నుంచి షాట్‌బర్గ్ లిఫ్టు 2,020 మీటర్ల ఎత్తుకి తీసుకెళుతుంది. అక్కడి నుంచి దిగే నల్ల దారి ఎక్స్-లైన్. ఒక్క ఊపున వెయ్యి మీటర్ల దిగుడు అది. సాహితిని దాని జోలికి పోనివ్వకు, నువ్వు కూడా ఈ ఏడాది వదిలెయ్. కొండకి అటువైపున్న లియోగాంగ్‌లో 2020 మౌంటెన్ సైక్లింగ్ ప్రపంచ పోటీలు జరిగాయి. వికాస్‌కి ఆ మోజుంటే ఒక రోజు అక్కడ గడపండి.

మోర్జిన్ గొప్ప చోటే. దాన్ని ఆనుకుని ఉన్న లే జేలో 2022 ప్రపంచ పోటీలు జరిగాయి. పోర్ట్ దు సొలేయ్ అనే ఆ ప్రాంతంలో ఒకే పాస్‌తో రెండు దేశాల కొండలు తిరగొచ్చు. మీ చిక్కు అక్కడే. వేలమంది ఒకే మలుపు ముందు బ్రేకు పట్టీ పట్టీ నేల మెట్లు మెట్లుగా గుంటలు పడిపోతుంది. ఆగస్టు చివరికి ఆ గుంటల్లో కొత్తవాళ్ల ముంజేతులు బిగుసుకుపోయి, బ్రేకు నొక్కడానికి వేళ్లు మాట వినవు. పడేది అప్పుడే. ఇంకొకటి, ఒక లోయ దాటి ఇంకో లోయలోకి దిగి చివరి లిఫ్టు అందకపోతే, సైకిల్ పట్టే టాక్సీలో కొండ చుట్టూ తిరిగి రావాలి. పైగా సెప్టెంబరు రెండో వారానికి అక్కడ చాలా లిఫ్టులు మూసేస్తారు. ఆస్ట్రియాలో అక్టోబరు దాకా నడిచేవున్నాయి.

అన్నిటికంటే పెద్ద కారణం ఇన్సూరెన్స్. నీ జర్మన్ హెల్త్ కార్డు వెనకవైపున్న యూరోపియన్ కార్డు ఆస్ట్రియాలో, ఫ్రాన్స్‌లో, ఇటలీలో ఆసుపత్రి వైద్యానికి పనికొస్తుంది. స్విట్జర్లాండ్‌లో మాత్రం మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి పనికిరాదు. యూరప్ దేశాల పౌరులకి పనికొస్తుంది కాబట్టి నీ జర్మన్ స్నేహితులు ఏమీ కాదనే చెబుతారు, ఆ మాట నమ్మి ఊరుకోకు. దావోస్ వద్దన్నది అందుకే. మోర్జిన్ నుంచి అవోరియాజ్ మీదుగా లే క్రోజే వైపు దిగితే నీకు తెలియకుండానే స్విట్జర్లాండ్‌లో ఉంటావు. అక్కడ పడితే బిల్లు మొత్తం మీద పడుతుంది.

ఆస్ట్రియాలోనైనా ఆ కార్డు ఆసుపత్రి గుమ్మం లోపలికే. కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించితే ఆ ఖర్చు దానిలోకి రాదు, అది వేల యూరోల్లో ఉంటుంది. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే కొండ మీద రక్షణ ఖర్చుకి బీమా కలిసొస్తుంది. విద్యార్థుల వయసు వాళ్లకి చందా తక్కువ. బయల్దేరేముందే ముగ్గురూ చేరండి. వేరే ట్రావెల్ పాలసీ తీసుకుంటే సైక్లింగ్ అని రాసుంటే చాలదు, బైక్ పార్కులో డౌన్‌హిల్ కూడా వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉండాలి. ఆస్ట్రియాలో కొండ రక్షణ దళం నంబరు 140, యూరప్ అంతటా పనిచేసేది 112. రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్టు అసలువే దగ్గరుంచుకోండి, సరిహద్దు రైల్లో అడుగుతారు.

లివిన్యోలో దారులు మెత్తగా, అలల్లా సాగుతాయి. సాహితికి తప్పకుండా నచ్చుతాయి. కానీ ఆ ఊరికి రైలు లేదు, ఊరే 1,800 మీటర్ల పైన ఉంది, ఒక్కసారి వాతావరణం తిరగబడితే చలి గట్టిగా ఉంటుంది. వచ్చే ఏడాది జులైలో చూడండి.

సెప్టెంబరు రెండో వారం ఎందుకంటే, ఆగస్టులో యూరప్ సగం సెలవుల్లో కొండల మీదే ఉంటుంది, లిఫ్టు దగ్గర వరస తరగదు. ఆ వారానికి సాల్జ్‌బర్గ్ బడులు తెరిచేస్తారు, మీ క్లాసులు అక్టోబరు దాకా మొదలవవు. మధ్యాహ్నం ఉరుములూ తగ్గుతాయి. తగ్గడమే, పోవడం కాదు. పొద్దున మొదటి లిఫ్టు ఎక్కి, రెండు దాటాక మబ్బులు గోపురంలా పైకి లేస్తుంటే ఆ దిగుడుతోనే ఆపేయండి. పిడుగులు పడితే లిఫ్టు ఆపేస్తారు, మీరు చెట్లు లేని కొండ మీద ఇనుప సైకిల్ పట్టుకుని నిలబడిపోతారు.

మ్యూనిక్ నుంచి కుఫ్‌స్టైన్, వోర్గల్ మీదుగా జాల్‌ఫెల్డన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. బస్సులో సైకిళ్లకి చోటు దొరకడం కష్టం. అందుకే నీ హార్డ్‌టెయిల్ సైకిల్ మ్యూనిక్‌లోనే వదిలెయ్. అలా వెనక షాక్ అబ్జార్బర్ లేని సైకిల్ మీద రోజుకి అయిదారు వేల మీటర్లు దిగితే రెండో రోజుకి నడుం పట్టేస్తుంది. సాహితికీ నీకూ 150, 160 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న సైకిళ్లు ఊళ్లోనే అద్దెకి తీసుకోండి. మొహం మొత్తం కప్పే హెల్మెట్, మోకాలి చిప్పల రక్షణ, వీపుకి ప్యాడ్ కూడా అక్కడే దొరుకుతాయి. గది తీసుకునేప్పుడే సైజు చెప్పి బుక్ చేసుకోండి.

అద్దె సైకిల్ చేతికిచ్చాక పది నిమిషాలు దుకాణం ముందే నిలబడు. వెనక నుంచి చూస్తే డిరెయిలర్ (గేర్లు మార్చే భాగం), గేర్లు ఒకే గీతలో కనబడాలి, లేకపోతే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగినట్టు. చక్రాన్ని పక్కకి ఊపితే కదలకూడదు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు. ముఖ్యంగా ఏ చేతికి ఏ బ్రేకో చూడు. మన దగ్గర సైకిళ్లకి కుడిచెయ్యి ముందు బ్రేకు, అక్కడ ఎడమచెయ్యి. సాహితి ఇక్కడి సైకిల్ మీద నేర్చుకుంది, భయమేస్తే పాత అలవాటే ముందుకొస్తుంది. మొదటి పూట చదును నేల మీద అయిదు నిమిషాలు బ్రేకులు పట్టి వదిలిస్తూ ఉండు.

సస్పెన్షన్ గాలి నీ బరువుకి పెట్టించుకో. హెల్మెట్, బ్యాగు, ప్యాడ్లు వేసుకుని గోడకి చెయ్యి ఆనించి పెడల్స్ మీద నిలబడు. షాక్ మీదున్న రబ్బరు రింగుని పైకి తోసి, ఎగరకుండా నెమ్మదిగా దిగు. షాక్ కదలిక 60 మిల్లీమీటర్లయితే రింగు 18 దగ్గర ఉండాలి, అంటే 30 శాతం. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి 20 శాతం చాలు. టైర్ల గాలి నీ అరవై కిలోలకి ముందు 1.6 బార్, వెనక 1.8తో మొదలుపెట్టు. రాళ్లలో రిమ్ము తగులుతున్న చప్పుడొస్తే 0.1 పెంచు.

వికాస్ తన సైకిలే తెస్తానంటే ఈ మాటలు వాడికి చదివి వినిపించు. సాధారణ రెజిన్ బ్రేకు ప్యాడ్లు పొడుగు దిగుడులో వేడెక్కి పట్టు వదిలేస్తాయి, మెటల్ ప్యాడ్లు వేయించమను. అయితే ముందు డిస్క్ మీద ఏం రాసుందో చూడాలి. రెజిన్ ప్యాడ్లకి మాత్రమే అని ఉంటే డిస్కులు కూడా మార్చాలి, లేకపోతే మెటల్ ప్యాడ్లు వాటిని తినేస్తాయి. కొత్త ప్యాడ్లని చదును రోడ్డు మీద గంటకి ఇరవై కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి తెస్తూ ఇరవై సార్లు బ్రేకు పట్టాలి, చక్రం ఆగిపోకూడదు. తన సైకిల్ మోడల్‌కి సరిపడే హ్యాంగర్ ఒకటి కొనుక్కుని తెచ్చుకోమను. ప్రతి మోడల్‌కీ వేరే ఆకారం, ఊళ్లో దుకాణంలో దొరకకపోతే వాడి వారం అక్కడితో సరి. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ (చిల్లుల్ని పూడ్చే ద్రవం) వేసి మూడు నెలలు దాటితే చక్రానికి వంద మిల్లీలీటర్లు మళ్లీ పోయించాలి.

మొదటి రోజు సగం పూటే తొక్కండి. నాలుగో రోజు పూర్తిగా ఆపి జెల్ ఆమ్ జే చెరువుకి వెళ్లండి. బస్సులో దగ్గరే. ఇదే ఆఖరిసారి అనుకుంటూ అలసిన చేతులతో పైకి వెళ్లొద్దు, చేతులు వణుకుతుంటే లిఫ్టులోనే కిందికి రండి. దారి గుర్తులున్న చోటే తొక్కండి. ఆస్ట్రియా అటవీ చట్టం ప్రకారం అనుమతి లేని అడవి దారిలో సైకిల్ తొక్కడం నేరం.

వంటగది ఉన్న గది చూసుకో. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి శనివారమే బియ్యం, పెరుగు, పళ్లు తెచ్చి పెట్టుకోండి. సాహితి గుడ్డు తినదు కదా, కొండ మీద గుడిసెల్లో దొరికే కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టులో గుడ్లుంటాయి, చీజ్ వేసిన ష్పెట్స్‌లే అనే నూడుల్స్ పిండిలో కూడా ఉంటాయి. తనకి పులిహోర కట్టి పెట్టు. అక్కడ గదితో పాటు జోకర్ కార్డు అని ఇస్తారు. దాంతో సైకిల్‌తో ఏ లిఫ్టు రోజుకెన్నిసార్లు ఎక్కనిస్తారో డబ్బు కట్టేముందు గది వాళ్లని అడుగు. దాన్ని బట్టే విడిగా బైక్ పాస్ ఎన్ని రోజులకి కొనాలో తేలుతుంది.

ఆల్పైన్ క్లబ్ కార్డులు రాగానే ముగ్గురి సభ్యత్వ నంబర్లూ నాకు పంపు, ఇక్కడ ఫ్రిజ్ మీద అంటించి ఉంచుతాను.

ప్రేమతో,
అమ్మ